కావడి దిగిన అన్నం

మలయ్ భాషలో నాసి అంటే అన్నం, కందార్ అంటే కావడి. పెనాంగ్‌లోనో కౌలాలంపూర్‌లోనో 'నాసి కందార్' బోర్డు కింద కూర్చుని, పళ్లెంలో అన్నం పెట్టించుకుని, దానిమీద నాలుగు రకాల పులుసులు కలగలిపి పోయించుకునే మనవాళ్లకు తాము తింటున్నది కావడి అన్నమని తెలియకపోవచ్చు. తెలిసే దారీ లేదు. ఆ కావడి భుజం దిగి చాలా కాలమైంది; పేరులో మాత్రం ఉండిపోయింది. ఒకప్పుడు అది నిజం కావడే. ఒక కొసన మూత పెట్టిన అన్నపు గుండిగ, రెండో కొసన చేపల పులుసు, మాంసం కూర ఉన్న పాత్రలు. తమిళ తీరం నుంచి వచ్చిన ముస్లిం ఒకడు దాన్ని భుజాన వేసుకుని రేవు వైపు నడిచేవాడు. కూలీలు ఎక్కడ గుమిగూడితే అక్కడ, ఏ చెట్టు నీడనో, గోదాము అరుగు పక్కనో దించేవాడు. ఇంత అన్నం, దానిమీద గరిటెడు పులుసు. తిన్నవాడు చెయ్యి కడుక్కుని మళ్లీ బస్తా ఎత్తుకునేవాడు, అమ్మినవాడు మళ్లీ కావడి ఎత్తుకునేవాడు.

మలేషియా వీధి తిండి గురించి రాసేవాళ్లు ఎక్కువగా సంస్కృతుల కలయికతో మొదలుపెడతారు. మలయ్, చైనా, భారతీయ వంటలు ఒకచోట చేరి ఒకదాని రుచి ఒకటి పుచ్చుకున్నాయంటారు. అబద్ధం కాదు గానీ, అది తర్వాతి సంగతి. వంటలు వాటంతట అవి ఓడెక్కి రావు. వచ్చింది మనుషులు. వాళ్లలో ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు, పెళ్లాం పిల్లలను ఊళ్లో వదిలి, నాలుగు డబ్బులు కూడబెట్టుకుని తిరిగిపోదామని వచ్చినవాళ్లు. పదిమంది ఒక గదిలో ఒళ్లు సర్దుకుని పడుకునే చోట పొయ్యి ఎక్కడిది? పొయ్యి ఉన్నా వండుకునే వేళ ఎక్కడిది? మలేషియాలో ఇవాళ మనం చవకగా తినగలిగే కొట్లన్నీ, నాసి కందార్ కొట్టయినా, చైనావాళ్ల కాఫీ కొట్టయినా, రాత్రంతా తెరిచి ఉండే మామక్ దుకాణమైనా, ఈ పొయ్యి లేనితనంలోంచే పుట్టాయని నా వాదన. ఇంటి వంట బజారుకెక్కితే వచ్చిన కొట్లు కావవి, ఇల్లే లేనివాళ్ల కోసం లేచినవి. మనకిది అర్థం కాని సంగతేమీ కాదు. పూటకూళ్ల ఇల్లు అనే మాట తెలుగులో ఎంత పాతదో క్రీడాభిరామం చదివినవాళ్లకు తెలుసు. ఓరుగల్లులో ఒక రూకకు పంచభక్ష్యాలు వడ్డించే ఇల్లు అందులో ఉంది. కాకపోతే ఓరుగల్లు పూటకూళ్ల ఇంటికి వచ్చేవాడు బాటసారి. ఇవాళ వచ్చి రేపు పోతాడు. పెనాంగ్ రేవులో కావడి చుట్టూ చేరినవాడు పదేళ్లు, ఇరవై ఏళ్లు, ఒక్కోసారి చచ్చేదాకా బాటసారిగానే బతికాడు.

పెనాంగ్ దీవి 1786 ఆగస్టులో ఫ్రాన్సిస్ లైట్ ద్వారా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. సుంకం లేని రేవు అనేసరికి సముద్రానికి రెండువైపుల నుంచీ వర్తకులు దిగారు. కోరమాండల్ తీరం నుంచి వచ్చిన తమిళ ముస్లిం వర్తకులను చూలియాలనేవారు. జార్జ్‌టౌన్‌లో చూలియా వీధి ఇప్పటికీ ఉంది. దానికి దగ్గర్లోనే 1801లో మొదలైన కపితాన్ కెలింగ్ మసీదు ఉంది. ఈ కెలింగ్ అన్న మాట దగ్గర తెలుగువాడు ఒక్క క్షణం ఆగాలి. అది కళింగ శబ్దం నుంచి వచ్చిందే. ఉత్తరాంధ్ర తీరాన్నీ కలుపుకున్న కళింగం పేరు సముద్రం దాటి, మలయ్ నోళ్లలో దక్షిణ భారతీయులందరికీ ఉమ్మడి పేరైంది. తర్వాతి కాలంలో తిట్టుగా మారి, ఇప్పుడు ఎవరినైనా అలా పిలిస్తే గొడవే. మసీదు పేరులో మాత్రం పరువుగా మిగిలింది. ఈ వర్తకుల వెనకాలే వాళ్ల ఊళ్ల పేదవాళ్లూ ఓడెక్కారు. పెట్టుబడి లేనివాడికి ఒక కర్ర, నాలుగు పాత్రలు చాలు, వ్యాపారం మొదలైనట్టే. కావడివాళ్లలో కొందరు క్రమంగా గోడ, కప్పు ఉన్న దుకాణాలకు చేరారు. జార్జ్‌టౌన్ క్యాంబెల్ వీధిలో 1907 నాటి హమీదియా ఇప్పటికీ నడుస్తోంది. ఇక ఆ పులుసులు కలపడం సంగతి. దాన్ని బంజిర్ అంటారు, అంటే వరద. అన్నం మునిగేలా కోడి పులుసు, చేపల పులుసు, పప్పు, మాంసం కూర రసం ఒకదానిమీద ఒకటి పోస్తారు. నేటి భోజనప్రియులు దీన్నొక కళగా వర్ణిస్తారు గానీ, నాకు అందులో మొదట కనిపించేది లెక్క. ముక్క కొనలేనివాడికి రసం ఇవ్వవచ్చు. నాలుగు గిన్నెల అడుగున మిగిలిన పులుసు ఒక పళ్లేనికి సరిపోతుంది. తక్కువ డబ్బుకు ఎక్కువ అన్నం లోపలికి పోవాలంటే అది తడిగా, కారంగా ఉండాలి. రుచి ఈ లెక్క వెనక వచ్చింది. వచ్చాక లెక్కను మరిపించింది.

ఆ అన్నం ఎక్కడిదన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. తగరం తవ్వి, రబ్బరు పండించే మలయా తన కూలీలకు సరిపడా వరి పండించలేదు. బర్మా నుంచి, సయాం నుంచి బియ్యం దిగుమతి చేసుకుంది. బర్మా బియ్యమంటే రంగూన్ రేవు, రంగూన్ రేవంటే తెలుగు కూలీ. విశాఖపట్నం, కాకినాడ నుంచి ఓడెక్కి 'రంగం' పోయిన మనవాళ్లే అక్కడి బియ్యం మిల్లుల్లోనూ ఓడరేవులోనూ బరువులు మోశారు. కోరంగి రేవు పేరుమీద వాళ్లను అక్కడ కోరంగీలనేవారు. పెనాంగ్ కావడిలోని అన్నం ఓడ ఎక్కేముందు ఒక తెలుగు వీపు మీదుగా వెళ్లి ఉండవచ్చన్నది ఊహే, కానీ గాలి ఊహ కాదు. మలేషియా చవక భోజనంలో తెలుగువాడి వాటా ఎక్కడుందని వెతికితే వంటల్లో కన్నా ఈ బస్తాల్లో దొరుకుతుంది.

చైనావాళ్ల వైపు కథ ఇంకా స్పష్టం. పేరాక్, సెలంగోర్ తగరపు గనులకు దక్షిణ చైనా నుంచి వచ్చినవాళ్లలో ఆడవాళ్లు అతి తక్కువ. 1933లో వలసదారుల సంఖ్య తగ్గించడానికి చట్టం చేసినప్పుడు దాన్ని మగవాళ్లకే వర్తింపజేసి, 1938 దాకా ఆడవాళ్లను అడ్డుకోలేదు. దాంతో ఆ కొన్నేళ్లలో పెద్ద సంఖ్యలో స్త్రీలు వచ్చారు. అంతకుముందు దశాబ్దాలన్నీ మగవాళ్ల ఊళ్లే. ఆ ఊళ్లకు వంటిల్లూ రచ్చబండా రెండూ అయినదే కోపితియాం. కోపి మలయ్ మాట, తియాం హొక్కియెన్ యాసలో కొట్టు. దీన్ని ఎక్కువగా నడిపింది హైనాన్ దీవి వాళ్లు. వలసలో వాళ్లు ఆలస్యంగా వచ్చారు. అప్పటికే లాభసాటి వ్యాపారాలన్నీ హొక్కియెన్, కాంటనీస్, తియోచూ వాళ్ల చేతుల్లో ఉన్నాయి. హైనానీయులకు మిగిలింది తెల్లదొరల ఇళ్లలోనూ ఓడల మీదా వంటపని. రొట్టె కాల్చడం, గుడ్డు ఉడికించడం, కాఫీ కాచడం అక్కడ నేర్చుకుని, కొలువు పోయినప్పుడో విసిగినప్పుడో బజారులో పాలరాతి బల్లలు వేసుకుని కూర్చున్నారు. దొరగారి బల్లమీది అల్పాహారం కూలీ బల్లకు దిగింది, దిగుతూ వేషం మార్చుకుంది. వెన్నతో పాటు కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెరతో చేసిన కాయా పూసిన రొట్టె, సోయా రసం, మిరియాల పొడి వేసుకుని జుర్రుకునే సగం ఉడికిన గుడ్లు.

ఆ కాఫీని కాస్త దగ్గరగా చూడాలి. గింజలు మేలురకం కావు. వాటి కటువును కప్పడానికి చక్కెర, మార్జరిన్ వేసి నల్లబడేదాకా వేయిస్తారు. కరిగిన చక్కెర గింజకు పట్టి పాకంలా మెరుస్తుంది. పొడిని పొడవాటి గుడ్డసంచిలో వేసి, మరిగే నీళ్లు పోసి, ఒక పొడుగుమూతి పాత్రలోంచి మరోదాంట్లోకి వంపుతారు. తాజా పాలు లేవు. ఉక్కపోత దేశం, పాడి తక్కువ, మంచుపెట్టె లేదు. కాబట్టి డబ్బా పాలు. నెస్లే సంస్థ మలేషియాలో అడుగుపెట్టింది 1912లో, పెనాంగ్‌లో, ఆంగ్లో స్విస్ కండెన్స్‌డ్ మిల్క్ కంపెనీ పేరుతో. కప్పు అడుగున ఒక వేలెడు మందాన చిక్కటి తీపి పాలు, పైన నల్లటి కాఫీ. చవకరకం గింజ, దిగుమతి డబ్బా, ఒళ్లు అలిసినవాడికి కావలసిన చక్కెర, మూడూ కలిస్తే కోపి. ఇక కోపితియాం వ్యాపారపు కిటుకు ఏమిటంటే, యజమాని అమ్మేది పానీయాలు, ఆ రొట్టె, గుడ్లు మాత్రమే. మిగతా తిండి అమ్మేవాళ్లు వేరు. కొట్టు ముందుభాగంలో ఒక్కొక్కరూ ఒక్కో బండి పెట్టుకుని యజమానికి అద్దె కడతారు. ఒకడు నూడుల్స్ వేయిస్తాడు, ఒకడు కోడిమాంసం అన్నం పెడతాడు, ఒకడు చేప ఉండల చారు పోస్తాడు. ఎవడికీ పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, ఎవడూ ఒకటి రెండు వంటకాలకు మించి చెయ్యడు. జీవితమంతా ఒకే వంట వండేవాడి చెయ్యి ఎలా తిరుగుతుందో చెప్పక్కర్లేదు. మలేషియా వీధి వంటగాళ్ల పనితనాన్ని మెచ్చుకునేవాళ్లు వంశపారంపర్య రహస్యాల గురించి చెబుతారు. నన్నడిగితే ఆ రహస్యంలో సగం ఈ అద్దె పద్ధతిలోనే ఉంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. మలయాకు వెళ్లిన భారతీయుల్లో ఎక్కువమంది రేవు కూలీలు కారు, రబ్బరుతోటల కూలీలు. 1876లో బ్రెజిల్ నుంచి విత్తనాలు లండన్‌లోని క్యూ తోటకు, మరుసటేడు అక్కడి నుంచి మొక్కలు సింగపూర్‌కు చేరాక, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ చెట్టు మలయా రూపాన్నే మార్చేసింది. ఒప్పంద కూలీ పద్ధతి 1910లో ఆగింది. కంగాణీ పద్ధతి 1938లో భారత ప్రభుత్వం ఆపేదాకా నడిచింది. బర్మాకు మేస్త్రీ ఎలాగో మలయాకు కంగాణీ అలాగ. తన ఊరికి తిరిగివచ్చి, బంధువులనూ కులంవాళ్లనూ కుటుంబాలతో సహా తోలుకుపోయేవాడు. అంటే తోటల్లో ఆడవాళ్లున్నారు, పిల్లలున్నారు, పొయ్యిలున్నాయి. 1920ల చివర దారికి దగ్గరగా ఉన్న తోటల్లో మగవాళ్లకు రోజుకు 50 సెంట్లు, ఆడవాళ్లకు 40 సెంట్లు కూలి నిర్ణయించారంటేనే ఆడవాళ్లూ లెక్కలో ఉన్నారని అర్థం. మరి పొయ్యి లేనితనం ఎక్కడ?

అభ్యంతరం నిజమే. నా వాదనకు దీన్ని మించిన ఆధారం కూడా లేదు. తోటల్లో పొయ్యి ఉంది కాబట్టే తోటల వంట వీధికెక్కలేదు. దీనికి తెలుగువాళ్లే సాక్ష్యం. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి, చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు దిగువ పేరాక్‌లోని తెలుక్ ఇంతాన్, బాగన్ దాతో చుట్టుపక్కల తోటల్లో గుంపులుగా స్థిరపడ్డారు. వరస ఇళ్లలో ఇంటింటా పొయ్యి పెట్టుకుని చింతపండు పులుసు కాచుకున్నారు. రామాలయాలు కట్టుకున్నారు, ఉగాది చేసుకున్నారు, 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఇంత ఉండీ మలేషియా బజారు భోజనంలో తెలుగు పేరున్న వంటకం ఒక్కటి చూపించలేం. సంఖ్య తక్కువ కదా అనవచ్చు. హైనానీయులు కూడా చైనావాళ్లలో తక్కువే. అయినా కాఫీ కొట్టును ఏలారు. తేడా సంఖ్యలో లేదు, నివాసంలో ఉంది. ఇంట్లో వండుకోగలిగినవాళ్లకు బజారులో వండి అమ్మే అవసరం పడలేదు, వాళ్ల తోట దాటి కొనేవాళ్లూ లేరు. తోటల తమిళుల వంట సైతం, పట్నాల్లో ఒంటరి గుమాస్తాలు, రైల్వే పనివాళ్లు ఉన్న చోటే అరిటాకు భోజనంగా బయటికొచ్చింది. కౌలాలంపూర్ రైలు క్వార్టర్ల పక్కన పెరిగిన బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఆ హోటళ్లు గుంపుగా ఉండటం యాదృచ్ఛికం అనుకోను.

రెండో అభ్యంతరం మలయ్‌వాళ్ల వైపు నుంచి వస్తుంది. నాసి లెమాక్ వలసవాడి తిండి కాదు, అది మలయ్ పల్లె తిండి. కొబ్బరి, వరి, నెత్తళ్లు ఉన్న తీరంలో ఇంటి ఆడవాళ్లు వండుకున్నది. నిజం. మలయ్ జనజీవితం గురించి ఆంగ్ల అధికారి రిచర్డ్ విన్‌స్టెడ్ 1909లో వేసిన పుస్తకంలోనే దాని ప్రస్తావన ఉంది. అయితే వంటకం పుట్టుక వేరు, దాన్ని అమ్మే కొట్టు పుట్టుక వేరు. కొబ్బరిపాలతో, పాండాన్ ఆకుతో వండిన అన్నం ఇంటిది. దాని పొట్లం మాత్రం రోడ్డుది. ఆ పొట్లాన్ని చూడండి. అరిటాకు ముక్క మీద గుప్పెడు అన్నం, దాని పక్కన ఎర్రటి మిరపకారపు సంబల్, వేయించిన నెత్తళ్లు, వేరుసెనగ గింజలు, రెండు దోసకాయ చక్రాలు, పావువంతు గుడ్డు. పైన కాగితం చుట్టి కొసలు మడిచి గోపురంలా నిలబెడతారు. ఎక్కడా నీళ్లలాంటి పులుసు లేదు, కారుతుంది కాబట్టి. కొబ్బరి కొవ్వు పొద్దుటి పూట తింటే మధ్యాహ్నం దాకా కడుపు పట్టుకుని ఉంటుంది. సైకిలు మీద వెనక కట్టుకుని పోవచ్చు, ఆఫీసు మెట్లమీద చేత్తో తినవచ్చు. ఇది పల్లె వదిలి పట్నంలో పనికి కుదిరిన మలయ్‌వాడి కోసం మడిచిన పొట్లం. 1957 స్వాతంత్ర్యం తర్వాత, మరీ ముఖ్యంగా 1971లో కొత్త ఆర్థిక విధానం వచ్చాక మలయ్ యువత ఊళ్లు వదిలి పట్నాలకు, ఫ్యాక్టరీలకు పెద్ద ఎత్తున కదిలింది. అప్పుడు వాళ్లూ, తమ దేశంలోనే, పొయ్యి లేని గదుల్లోకి చేరారు. నాసి లెమాక్ పల్లె నుంచి జాతీయ వంటకం స్థాయికి ఎక్కిన దారి ఆ గదుల మీదుగానే పోయింది.

మామక్ దుకాణం ఈ కథలో చివరి మజిలీ, అన్నిటికన్నా గట్టిది కూడా. మామక్ అంటే మన మామే. తమిళ ముస్లింలను మర్యాదగా మామా అని పిలిచిన పిలుపుకు మలయ్ నోట ఒక కకారం తగిలింది. ఇక్కడి రాజు రోటీ చనాయ్. మైదాపిండి, నీళ్లు, ఉప్పు, కాస్త తీపి, బోలెడు నూనె. ఉండలు చేసి నూనెలో ముంచి గంటల తరబడి నాననిస్తారు. తర్వాత నూనె రాసిన ఉక్కు బల్లమీద ఉండను అరచేత్తో అదిమి, రెండు చేతులా అంచు పట్టుకుని గాల్లోకి విసిరి బల్లకు కొడతారు. విసిరిన ప్రతిసారీ అది సాగి, నాలుగో విసురుకు బల్ల కనబడేంత పల్చనవుతుంది. అంచులు లోపలికి మడిచి నలుచదరం చేసి పెనం మీద వేస్తారు. కాలాక చివరి పని, తెలియనివాళ్లను ఉలిక్కిపడేలా చేసేది, రొట్టెను నిలబెట్టి రెండువైపుల నుంచీ అరచేతులతో చప్పట్లు కొట్టినట్టు కొట్టడం. పొరలు విడిపోయి మెత్తగా ఉబ్బుతుంది. పక్కన ఒక గిన్నెడు పప్పు లేదా చేపల పులుసు. మన పరోటాకు ఇది దగ్గరి చుట్టమని వేరే చెప్పాలా? గోధుమ పండని దేశం తన పొద్దుటి తిండిగా మైదా రొట్టెను ఎన్నుకోవడం వింతగా కనిపిస్తుంది గానీ, మైదా బస్తా చెడిపోదు, పిండి ముద్ద రాత్రంతా ఎదురు చూస్తుంది, అడిగిన రెండు నిమిషాల్లో రొట్టె తయారు. వేళాపాళా లేని గిరాకీకి ఇంతకన్నా అనువైన సరుకు లేదు. చనాయ్ అన్న పేరు చెన్నై నుంచి వచ్చిందని చాలామంది నమ్ముతారు. అదే నిజమైతే దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరుమీద వెలిసిందని చెప్పుకునే చెన్నపట్నం మీదుగా ఒక తెలుగు నాయకుడి పేరు మలేషియా పొద్దుటి పళ్లెంలో ఉన్నట్టు! మురిసిపోవడానికి బాగుంది. కానీ పిండిని సాగదీసి పల్చన చెయ్యడానికి మలయ్‌లో చనాయ్ అనే క్రియ ఉంది కాబట్టి నేను ఆ మురిపెం వదులుకుంటాను. పక్కనే తే తారిక్, లాగిన టీ. నాసిరకం టీ డస్టు డికాక్షన్‌లో డబ్బా పాలు కలిపి, రెండు లోటాల మధ్య చేయిజాపు ఎత్తు నుంచి లాగి లాగి పోస్తారు. నురగ వస్తుంది, వేడి తాగే పాటికి దిగుతుంది, పొడి వగరు అణుగుతుంది.

ఈ దుకాణాల్లో ఆర్డరు చెప్పే భాష వినదగ్గది. 'రోటీ కొసోంగ్, తే ఓ ఐస్ లిమావ్.' రోటీ మన దేశపు మాట. కొసోంగ్ మలయ్‌లో ఖాళీ, అంటే గుడ్డూ ఉల్లిపాయా లేనిది. తే హొక్కియెన్ నోటి టీ, ఓ అదే యాసలో నలుపు, పాలు లేనిది. ఐస్ ఇంగ్లీషు, లిమావ్ మలయ్ నిమ్మకాయ. మొత్తం మీద ఆరు మాటలు, ఒక శతాబ్దపు కూలి లైను. ఇది చూసి మలేషియన్లు తమ భోజనశాలలను జాతి సామరస్యానికి గుడులుగా చెప్పుకుంటారు. జాతీయ వారసత్వ శాఖ 2009లో 100 వంటకాలను వారసత్వ సంపదగా ప్రకటించింది. 2024లో యునెస్కో మలేషియా పొద్దుటి ఫలహారపు సంస్కృతిని, నాసి లెమాక్, రోటీ చనాయ్, తే తారిక్‌లను పేరుపెట్టి, తన జాబితాలో చేర్చుకుంది. సంతోషమే. కానీ సామరస్యం అన్న మాటను కాస్త తరచి చూడాలి. పంది మాంసం బండి ఉన్న కోపితియాంలో భక్తుడైన ముస్లిం కూర్చోడు. హలాల్ పట్టింపు గత కొన్ని దశాబ్దాల్లో పెరిగేకొద్దీ ఆ గీత ఇంకా గట్టిపడింది. 2024 ఫిబ్రవరిలో బాక్ కుత్ తే అనే పంది ఎముకల చారును వారసత్వ వంటకంగా ప్రకటించినప్పుడు వాదాలు రేగడం ఇందుకే. నాసి కందార్ కొట్టులో గొడ్డు మాంసం ఉంటుంది గనుక అక్కడికి రాని హిందువులున్నారు. అందరూ ఒకే బల్ల దగ్గర అన్నది చాలా దుకాణాల్లో నిజం కాదు. పక్కపక్క దుకాణాల్లో అన్నది నిజం. మామక్‌లో కొంత మేరకు మూడు జాతులూ కూర్చుంటాయంటే, అది హలాల్, అది చవక, అది అర్ధరాత్రి తెరిచి ఉంటుంది. ఈ మూడు కారణాల్లో ఏదీ ఆదర్శం కాదు. అవసరంతో కలిసినవాళ్లు ఆదర్శంతో కలిసినవాళ్ల కన్నా ఎక్కువ కాలం కలిసి ఉంటారేమో, అది వేరే చర్చ.

ఇక చవక సంగతి. ఇది సరుకుల వల్ల అనేవాళ్లున్నారు. కొబ్బరి, నెత్తళ్లు చేతికందే దేశం; చక్కెర, మైదా, వంటనూనె ధరల మీద ప్రభుత్వపు పట్టు 1946 ధరల నియంత్రణ చట్టం నాటి నుంచీ ఏదో ఒక రూపంలో ఉంది. ఒప్పుకుంటాను. కానీ అన్నం ధరలో సరుకు ఒక పాలైతే చెయ్యి ఒక పాలు. రోటీ విసరడానికి యంత్రం లేదు, టీ లాగడానికీ లేదు. రాత్రంతా దుకాణం తెరవాలంటే రాత్రంతా నిలబడే మనిషి కావాలి. వలస వచ్చిన తరం పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లోకి పోయాక ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు? మళ్లీ సముద్రం అవతలి నుంచే. బంగ్లాదేశ్, ఇండోనేసియా, మయన్మార్, నేపాల్, తమిళనాడు. తమ వంట పరాయి చేతుల్లో పాడైపోతోందని పెనాంగ్ రాష్ట్రం 2016 నుంచి వీధి కొట్లలో అక్కడి ప్రసిద్ధ వంటకాలను విదేశీయులు వండకూడదని నియమం పెట్టింది. 2018లో మానవ వనరుల మంత్రి కులశేగరన్ మరో అడుగు వేసి, 2019 జనవరి నుంచి రెస్టారెంట్లలో వంటవాళ్లంతా స్థానికులే ఉండాలన్నారు. హోటల్ యజమానులు గొల్లుమనడంతో ఆ మాట మెత్తబడిపోయింది. ఆయన తమిళ వలసల సంతతివాడే. పరాయి చెయ్యి వంట పాడుచేస్తుందన్న భయం మీద కోప్పడను గానీ, ఆ వంటల్లో పరాయి చెయ్యి పడకుండా పుట్టినవి ఎన్ని? దొరగారి వంటింట్లో హైనాన్ కుర్రాడు పరాయివాడే. కావడి మోసినవాడూ పరాయివాడే. మనుషులు రాకుండా ఆగినప్పుడు ఏమవుతుందో 2020 మార్చిలో సరిహద్దులు మూసుకున్నాక తెలిసింది. పనివాళ్ల కొరత గురించి ముస్లిం హోటళ్ల యజమానుల సంఘం ప్రభుత్వానికి మొరపెట్టుకుంటూనే వచ్చింది. 2023 జనవరిలో అప్పటి దేశీయ వాణిజ్య మంత్రి సలాహుద్దీన్ అయూబ్ 'మెను రహ్మా' పేరుతో 5 రింగిట్లకు మించని భోజనం పథకం తెచ్చారు. దుకాణదారులు స్వచ్ఛందంగా చేరాలన్నారు. ధర మీద మూత పెట్టాక ఆ తేడా ఎక్కడో సర్దుకోవాలి: ముక్క చిన్నదవ్వాలి, లేదా వండేవాడి కూలి పెరగకుండా ఉండాలి. ఎయిర్‌కండిషన్ చేసిన మాల్స్‌లో పాలరాతి బల్లలు, పాతకాలపు కుర్చీలు పెట్టి కోపితియాం పేరుతో వెలిసిన గొలుసు దుకాణాల్లో ఈ తిప్పలు లేవు. అక్కడ కాఫీ ధర బల్ల చూసి వేస్తారు.

అందుకే ఏదో ఒక వంటకం మాదంటే మాదని మలేషియా, సింగపూర్, ఇండోనేసియా దెబ్బలాడుకోవడం చూస్తే వాదం అంతా పళ్లెం మీదే ఆగిపోతోందనిపిస్తుంది. రాత్రి రెండు గంటలకు బల్లలు కాస్త ఖాళీ అయ్యాక రోటీ విసిరే కుర్రాడు చేతులు తుడుచుకుని వెనక బల్ల దగ్గర కూర్చుంటాడు. యజమాని చూపించిన గదిలో ఇంకో పదిమందితో పడుకునేవాడు. అక్కడ పొయ్యి ఉండదు. పళ్లెంలో అన్నం పెట్టుకుని, గిన్నెల అడుగున మిగిలిన పులుసులన్నీ ఒక గరిటెతో దానిమీద పోసుకుంటాడు.